దెబ్బ కొట్టిందెవరు? తగిలిందెవరికి?

తెరమీద పోట్లాట తేటగా కనపడాలంటే కెమెరా పెట్టే చోటులోనూ, ముక్కలు అతికే పద్ధతిలోనూ ఉంది కిటుకు

అమలాపురం: నాలుగు నెలలపాటు కర్ర తిప్పి అరచేతులు బొబ్బలెక్కించుకున్నారు. సెల్‌ఫోనుతో నాలుగు నిమిషాల ఫైటు తీశారు. రామాలయం ముందు తెల్లగుడ్డ కట్టి ఊరందరికీ చూపించారు. బొమ్మ అయిపోయింది. వాళ్లకి కర్ర పట్టడం నేర్పిన గురువుగారు లేచి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"ఇంతకీ కర్ర ఎవడి చేతిలో ఉందిరా?"

జనం గొల్లుమన్నారు. కుర్రాళ్లు తలలు దించుకున్నారు.

అమలాపురానికి చేరువలోని ఒక పల్లెలో మొన్న దసరాకి ముందు జరిగిన సంగతి ఇది. కోనసీమలో దసరా అంటే చెడీ తాలింఖానా. ఊరేగింపు ముందు కర్రలు, కత్తులు తిప్పుతూ కుర్రకారు కదులుతుంటే చూడడానికి జనం మేడలెక్కుతారు. వలయం కట్టి నిలబడ్డ జనంలో పదేళ్ల పిల్లవాడిని అడిగినా ఎవరు కొట్టారో, ఎవరు కాచుకున్నారో చెప్పేస్తాడు. అదే విద్య, అవే కర్రలు, అదే కుర్రాళ్లు. మరి తెరమీదికి ఎక్కేసరికి ఎవరు ఎవరో తెలియకుండా ఎందుకు పోయింది?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పినవారు సినిమా పండితులు కారు. ఆ రాత్రి అరుగు మీద కూర్చుని బొమ్మ చూసిన ఒక పాత టూరింగు టాకీసు ఆపరేటరు. వయసు డెబ్బై దాటింది. పాతికేళ్లకు పైగా డేరాల్లో మిషను నడిపారు.

ముక్క పోతే దెబ్బ పోతుంది

"మా రోజుల్లో బొమ్మ మా దగ్గరికి వచ్చేసరికి చితికిపోయి వచ్చేదండి" అని ఆయన ఈ విలేకరితో చెప్పారు. పెద్ద ఊళ్లలో ఆడి, చిన్న ఊళ్లలో ఆడి, ఆఖరికి డేరాకి చేరేది ప్రింటు. మిషనులో తెగితే బ్లేడుతో గీకి, ఫిలిం సిమెంటు రాసి అతికించాలి. అతికించినప్పుడల్లా కొన్ని బొమ్మలు పోతాయి.

లెక్క ఆయన నోటిమీదే ఉంది. ఫిలిం అడుక్కి 16 బొమ్మలు. సెకనుకి 24 బొమ్మలు నడుస్తాయి. నిమిషానికి 90 అడుగులు. ఆరు బొమ్మలు పోయాయంటే పావు సెకను పోయినట్టు. ఇద్దరు మాట్లాడుకునే సీనులో పావు సెకను పోతే ఎవరికీ పట్టదు. ఫైటు సీనులో పావు సెకను అంటే ఒక గుద్దు. హీరో చెయ్యెత్తుతాడు. మరుక్షణం రౌడీ నేలమీద ఉంటాడు. మధ్యలో దెబ్బ ఉండదు. నేల టిక్కెట్టు జనం "ఆపరేటరూ, ముక్క మింగేశావురోయ్" అని కేకలు పెట్టేవారట.

"మాకు తెగి పోయేవండి. ఈ కుర్రాళ్లు బాగున్నదాన్ని చేతులారా తెగ్గొట్టుకున్నారు" అన్నారాయన.

ఆ మాట నిజమే. కుర్రాళ్లు తీసిన నాలుగు నిమిషాల బొమ్మలో రెండు వందల పైచిలుకు ముక్కలున్నాయి. అంటే ఒక్కో ముక్క నిలిచింది సగటున సెకను, సెకనుంపావు. కర్ర పైకి లేస్తుంటే ఒక ముక్క. కళ్లు ఒక ముక్క. కాలు ఒక ముక్క. ఎగిరిన దుమ్ము ఒక ముక్క. కర్ర వచ్చి కర్రకి తగిలిన క్షణం మాత్రం ఏ ముక్కలోనూ లేదు. వేగంగా కనపడాలని అలా చేశామని కుర్రాళ్లు చెబుతున్నారు. ఇటీవలి సినిమాలు చూసి నేర్చుకున్నామంటున్నారు.

సినిమా పేర్లు పడేటప్పుడు 'కూర్పు' అని ఒక పేరు వస్తుంది. చాలామంది చదవరు. తీసిన ముక్కల్లో ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో, ఎక్కడ తెంచి ఎక్కడ అతకాలో చూసేది ఆ మనిషే. ఫైటు మనకి అర్థమైందా లేదా అన్నది సగం ఆయన చేతిలోనూ, మిగతా సగం కెమెరా ఎక్కడ పెట్టాలో నిర్ణయించినవారి చేతిలోనూ ఉంటుంది.

వేగం ఒక్కటే కారణం కాదు

ముక్కలు ఎక్కువైతే అర్థం కాదనుకుంటే పొరపాటు. 2015లో వచ్చిన 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' అనే ఇంగ్లీషు చిత్రం రెండు గంటలది. అందులో సుమారు 2,700 ముక్కలున్నాయని లెక్క. సగటున ఒక్కోటి మూడు సెకన్లు కూడా నిలవదు. సినిమా నిండా ఎడారిలో లారీల వెంట లారీలు, వాటి మీద మనుషులు, మంటలు. అయినా ఏ బండి ఎక్కడుందో, ఎవరు ఎవరి మీదికి దూకుతున్నారో చూసేవాడికి తెలుస్తూనే ఉంటుంది.

అందులోని కిటుకు చాలా చిన్నది. చూడవలసిన వస్తువును ప్రతి ముక్కలోనూ తెర నడిమధ్యలో ఉంచారు. దర్శకుడు జార్జ్ మిల్లర్ కెమెరామన్ జాన్ సీల్‌కి ఆ షరతు ముందే పెట్టారు. ఒక ముక్క పోయి ఇంకో ముక్క వచ్చినా మన కన్ను ఉన్నచోటే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. ఆ చిత్రానికి కూర్పు చేసింది దర్శకుడి భార్య మార్గరెట్ సిక్సెల్. అంతకుముందు ఆమె ఫైట్ల సినిమా ఒక్కటి కూడా కూర్చలేదు. 2016లో జరిగిన ఆస్కార్ ఉత్సవంలో కూర్పుకి బహుమతి ఆమెకే దక్కింది.

దీనికి ఎదురుగా చెప్పుకోదగ్గది 2014 చివర్లో వచ్చిన 'టేకెన్ 3'. అందులో హీరో ఒక కంచె ఎక్కి అవతలికి దూకుతాడు. ఆరేడు సెకన్ల పని. దానికి పదికి పైగా ముక్కలు వాడారు. చెయ్యి ఒకటి, కాలు ఒకటి, కంచె ఒకటి. మనిషి కంచె దాటడం మాత్రం సాంతం కనపడదు. కూర్పు ఎలా ఉండకూడదో చెప్పేటప్పుడు ప్రపంచమంతా చూపించే ఉదాహరణ అయిపోయిందది.

కెమెరాను చేత్తో పట్టుకుని కావాలనే ఊపే పద్ధతి కూడా ఒకటుంది. 2004లో పాల్ గ్రీన్‌గ్రాస్ దర్శకత్వంలో వచ్చిన 'ది బార్న్ సుప్రిమసీ'తో అది బాగా ప్రచారంలోకి వచ్చింది. చూసేవాడికి తానే ఆ కొట్లాటలో చిక్కుకున్నట్టు ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ ఉక్కిరిబిక్కిరికి అక్కడ పని ఉంది. పని లేని చోట కూడా ఊపడం మొదలుపెట్టాకనే చిక్కు వచ్చింది. మన 'శివ' (1989) మరో దారిలో నడిచింది. కుదుపు లేకుండా కెమెరాను మోసే స్టెడీకామ్ అనే సాధనాన్ని అందులో వాడారు. పరుగెత్తే మనిషి వెంట కెమెరా పరుగెత్తినా బొమ్మ తొణకదు. సైకిలు చైను లాగిన సీను ఇన్నేళ్లయినా జనం కళ్లకి కట్టినట్టు చెబుతారు. ఏం జరిగిందో స్పష్టంగా చూశారు కనుకనే చెప్పగలుగుతున్నారు.

కబడ్డీ గీతకి ఏ పక్క?

కుర్రాళ్ల బొమ్మలో రెండో లోపాన్ని కూడా ఆపరేటరే పట్టుకున్నారు. ఇద్దరు కుర్రాళ్లు చెరో ఫోను పట్టుకుని ఆటగాళ్లకి చెరోపక్కన నిలబడి తీశారు. తరువాత రెండూ కలిపేశారు.

కబడ్డీ ఆట చూసేవారికి ఇది సులువుగా తెలుస్తుంది. కోర్టుకి ఒక పక్కన కూర్చుంటే మన ఊరి జట్టు ఎడమవైపు, పొరుగూరి జట్టు కుడివైపు. లేచి అవతలి పక్కకి వెళ్లి కూర్చుంటే అంతా తారుమారు. ఆట పొడుగునా ఒకేపక్క కూర్చున్నంతసేపు తికమక లేదు. సెకనుకోసారి ఎవరో మనల్ని ఎత్తి ఇటూ అటూ కూర్చోబెడితే కూత పెట్టినవాడు మనవాడో కాదో తెలియదు.

సినిమాలోనూ అంతే. కొట్లాడుకునే ఇద్దరి మధ్య కంటికి కనపడని గీత ఒకటుంటుంది. కెమెరా దానికి ఒకేపక్క ఉన్నంతసేపు ఎడమవాడు ఎడమగానే, కుడివాడు కుడిగానే ఉంటారు. దాటవలసి వస్తే దాటుతున్నట్టు చూపించి దాటాలి. ఈ కుర్రాళ్లు చెప్పకుండా దాటేశారు. దానికి తోడు ఇద్దరివీ తెల్ల బనియన్లే. ఇక గురువుగారు అలా అడగక ఏం చేస్తారు?

ఒళ్లంతా కనపడాలి

మూడో లోపం ఫోను పట్టుకున్న తీరులో ఉంది. ఫోనును నిలువుగా పట్టారు. నిలువు చట్రంలో ఒక మనిషి నిండుగా పడతాడు, ఇద్దరు పట్టరు. ఐదడుగుల కర్రను అడ్డంగా తిప్పితే రెండు కొసలూ బయటే ఉండిపోతాయి. కర్రసాములో దెబ్బ కొట్టేది కొసే.

ఈ మాట చెబుతూ ఆపరేటరు 'అల్లూరి సీతారామరాజు' (1974) రోజులు గుర్తుచేసుకున్నారు. తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రమది. బొమ్మ వెడల్పు ఎత్తుకి రెండుంపావు రెట్లకు పైగా ఉంటుంది. డేరాలో మామూలు లెన్సుకి తోడు స్కోపు లెన్సు బిగించి, కొత్తగా వెడల్పాటి తెర కడితే జనం తెరను చూడడానికే వచ్చారట. అంత వెడల్పులో ఇద్దరు మనుషులు, మధ్యలో ఖాళీ, వెనక కొండ అన్నీ పడతాయి. అయితే అంత వెడల్పుకి ఒక గండం కూడా ఉంది. ఒక ముక్కలో హీరో ఈ మూల ఉండి, వెంటనే వచ్చే ముక్కలో ఆ మూల ఉంటే, కన్ను అటు పరుగెత్తేలోగా ఆ ముక్క అయిపోతుంది.

మనిషి నిలువెల్లా కనపడేలా తీయడం పాత పద్ధతే. కాలు ఎక్కడ మోపాడో, నడుము ఎటు తిప్పాడో, చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తేనే దెబ్బలో బరువు తెలుస్తుంది. హాంకాంగ్‌కు చెందిన జాకీ చాన్ చిత్రాల్లో కొట్టేవాడు, తినేవాడు తరచుగా ఒకే చట్రంలో ఉంటారు. ముక్క మార్చవలసి వచ్చినప్పుడు దెబ్బ తగిలే క్షణాన్ని రెండో ముక్కలో రెండు మూడు బొమ్మల మేర మళ్లీ చూపిస్తారు. తెరమీద రెండుసార్లు ఉన్నా మన కంటికి ఒక్కటిగానే, కాస్త గట్టిగా తగిలినట్టుగా తోస్తుంది. టూరింగు డేరాలో బొమ్మలు పోతే దెబ్బ మాయమైంది. ఇక్కడ రెండు బొమ్మలు కలిపితే దెబ్బకి బలం వచ్చింది.

2014లో వచ్చిన 'జాన్ విక్' దర్శకుల్లో ఒకరైన చాడ్ స్టాహెల్స్కీ స్వయంగా ఫైటరు. 1999 నాటి 'మ్యాట్రిక్స్'లో హీరో కీను రీవ్స్‌కి డూపుగా దెబ్బలు తిన్నవాడు. తాను తీసేటప్పుడు కెమెరాను వెనక్కి జరిపి, ముక్కలు తగ్గించి, హీరో చేతనే చాలావరకు చేయించి చూపించారు.

ముందు చోటు, తరువాత పోటు

జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1954లో తీసిన 'సెవెన్ సమురాయ్' కథ పల్లెటూరిదే. పంట కోతకి రాగానే దోచుకుపోయే దొంగల ముఠా నుంచి కాపాడమని రైతులు ఏడుగురు వీరులను తెచ్చుకుంటారు. చివరి పోరాటం కుండపోత వానలో, బురదలో సాగుతుంది. అయినా తికమక ఉండదు. పోరు మొదలవడానికి చాలా ముందే వీరుల నాయకుడు ఊరంతా తిరిగి ఎక్కడ వాగు ఉందో, ఎక్కడ దారి ఉందో చూస్తాడు. ఊరి పటం గీస్తాడు. దొంగలకి గుర్తుగా సున్నాలు చుట్టి, ఒక్కో దొంగ చచ్చినప్పుడల్లా ఒక్కో సున్నా కొట్టేస్తాడు. ఇంకా ఎందరు మిగిలారో మనకీ లెక్క తెలుస్తూ ఉంటుంది. ఆ పోరాటాన్ని ఒకటికి మించిన కెమెరాలతో ఒకేసారి తీశారు. దొరికిన ముక్కలను కూర్చింది కూడా కురొసావాయే.

మనవాళ్లకీ ఈ కిటుకు తెలుసు. 'మగధీర' (2009)లో కాలభైరవుడు వందమందితో తలపడేది సన్నటి దారి మీద. ఒకడు ఈ కొసన, వందమంది ఆ కొసన. ఎవరు ఎటునుంచి వస్తారో చంటిపిల్లలకైనా తెలుస్తుంది. 'బాహుబలి' మొదటి భాగం (2015)లో కాలకేయులతో యుద్ధానికి ముందే త్రిశూల వ్యూహం సంగతి చెబుతారు. చెప్పిన వ్యూహమే తరువాత కళ్లముందు విచ్చుకుంటుంది. మాహిష్మతి సైన్యానికి ఒక వేషం, కాలకేయులకి ఒక వేషం. వేల మంది కలబడినా మనవాడెవడో పరాయివాడెవడో పోల్చుకోవచ్చు. ఈ రెండు చిత్రాలకీ కెమెరా కె.కె. సెంథిల్ కుమార్, కూర్పు కోటగిరి వెంకటేశ్వరరావు, ఫైట్లు పీటర్ హెయిన్.

ఎందుకు దాస్తారు?

ఇన్ని తెలిసినా కొన్ని సినిమాల్లో ఫైటు గజిబిజిగా ఉండడానికి కారణాలు లేకపోలేదు. సినిమా గుద్దు నిజంగా తగలదు. ముఖానికి కొంత దూరంలోనే పోతుంది. కెమెరాను ఒక భుజం వెనక సరైన కోణంలో పెడితే ఆ ఎడం కనపడదు. కోణం తప్పితే కనపడిపోతుంది. అప్పుడు కూర్పరి దాన్ని ముక్కలు చేసి దాచాలి. హీరోకి నేర్చుకునే తీరిక లేకపోయినా, డూపు ముఖం కనపడకూడదన్నా అదే గతి. తీయని ముక్కను కూర్పరి ఎక్కడి నుంచి తెస్తారు? తప్పంతా కత్తెరదే అనడానికి వీల్లేదు.

అయితే ఈ దాపరికంలో నష్టపోయేవారు వేరే ఉన్నారు. మేడ మీంచి దూకేవారు, గుర్రం మీంచి పడేవారు, అద్దాలు పగలగొట్టుకుని బయటికి వచ్చేవారు. వారి ఒంటి కష్టమంతా పావు సెకను ముక్కల్లో కొట్టుకుపోతే ప్రాణాలకి తెగించి చేసినదానికి సాక్ష్యం లేనట్టే. మన జాతీయ సినిమా అవార్డుల్లో ఫైట్లు కూర్చినవారికంటూ బహుమతి 2017లో ప్రకటించిన 64వ అవార్డులతో మొదలైంది. మలయాళ చిత్రం 'పులిమురుగన్'కి తొలి బహుమతి అందుకున్నది పీటర్ హెయినే. ఆస్కార్ సంస్థ 2025లో ఒక ప్రకటన చేసింది. 2027లో విడుదలయ్యే చిత్రాలతో మొదలుపెట్టి ఫైట్ల రూపకల్పనకి విడిగా బహుమతి ఇస్తుందట. బహుమతి ఇవ్వాలన్నా ముందు వారి పని కనపడాలి.

గట్టు మీద రెండోసారి

అవమానపడ్డ కుర్రాళ్లు వారం రోజులు రామాలయం వైపు రాలేదు. ఎనిమిదో రోజున ఆపరేటరుగారి ఇంటికి వెళ్లి "తాతగారూ, మీరు దగ్గరుండి తీయించాలండి" అని అడిగారు. "నాకు తిప్పడమే వచ్చునురా, తీయడం రాదు" అంటూనే ఆయన కదిలారు.

కాలవ గట్టు మీద తీశారు. మొదట ఎదుటి ఒడ్డునుంచి గట్టు, కొబ్బరిచెట్లు, రెండు కొసల్లో ఇద్దరు మనుషులు కనపడేలా ఒక పెద్ద ముక్క. ఒకడికి ఎర్ర తలగుడ్డ చుట్టారు. ఫోను అడ్డంగా పట్టారు. దాన్ని కుర్చీకి కట్టి కదలకుండా పెట్టారు. కాలవ ఉన్నందువల్ల గీత దాటడానికి వీల్లేకపోయింది. దెబ్బ తగిలి, తిన్నవాడు తూలేదాకా ముక్క తెంచవద్దని ఆపరేటరుగారు కట్టడి పెట్టారు. ముఖాలు దగ్గరగా చూపించే ముక్కలను ఇద్దరూ ఆగి రొప్పే చోట మాత్రమే ఉంచారు. ఈసారి ముక్కలు డెబ్బై లోపే.

విజయదశమి ముందురోజు రాత్రి అదే గుడ్డ మీద వేశారు. జనం నవ్వలేదు. తలగుడ్డ కుర్రాడు కర్ర జారవిడిచిన చోట ముందువరస ఆడవాళ్లు "అయ్యయ్యో" అన్నారు.

గురువుగారు మాత్రం మెచ్చుకోలేదు. బొమ్మ మళ్లీ వేయించుకుని చూశారు. "మూడో విసురులో నీ ఎడమకాలు వెనకే ఉండిపోయిందిరా. అందుకే కర్ర జారింది" అని తలగుడ్డ కుర్రాడికి చెప్పారు.

మొదటిసారి తీసినదాంట్లోనూ ఆ తప్పు ఉండే ఉంటుంది. అప్పుడది ఎవరి కంటా పడలేదు. మర్నాటి తెల్లవారుజామునే ఆ కుర్రాడు గట్టు మీద ఒక్కడే నిలబడి మూడో విసురు సాధన చేస్తూ ఈ విలేకరికి కనిపించాడు.